సి విటమిన్: లోటు తీర్చడం వేరు, మోతాదు పెంచడం వేరు

1939లో బోస్టన్‌లో జాన్ క్రాండన్ అనే యువ శస్త్రవైద్యుడు తన శరీరం మీదే ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. శస్త్రచికిత్స చేయించుకునే రోగుల్లో సి విటమిన్ తక్కువగా ఉన్నవారికి గాయాలు నిజంగానే సరిగా మానవా అన్నది ఆయన ప్రశ్న. జవాబు కోసం ఆరు నెలల పాటు సి విటమిన్ లేని ఆహారమే తిన్నాడు. మిగతా విటమిన్లను మాత్రం విడిగా తీసుకుంటూ వచ్చాడు. ఏ మార్పు కనిపించినా అది ఈ ఒక్క లోటు వల్లనే వచ్చిందని తేలాలి కదా. 41 రోజులకు ఆయన రక్తపు ప్లాస్మాలో సి విటమిన్ జాడ లేకుండా పోయింది. అయినా మూడు నెలలప్పుడు వీపు మీద కావాలని పెట్టించుకున్న కోత మామూలుగానే మానింది. 134వ రోజుకు వెంట్రుకల కుదుళ్ల చుట్టూ గరుకు పొక్కులు లేచాయి, 161వ రోజుకు కాళ్ల మీద అవే కుదుళ్ల దగ్గర సన్నని రక్తపు చుక్కలు కనిపించాయి. ఆరు నెలలు నిండాక మరో కోత పెట్టించుకున్నాడు. పది రోజుల తర్వాత చూస్తే పైన చర్మం అతుక్కున్నట్టే ఉంది గానీ, లోపలి పొరల్లో అతుకు పడనే లేదు. అప్పుడు రోజుకు ఒక గ్రాము చొప్పున సి విటమిన్‌ను నరం ద్వారా ఎక్కించారు. అదే గాయం మరో పది రోజుల్లో మానింది.

సి విటమిన్ గురించి చదివినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన ప్రయోగం ఇదే. ఈ విటమిన్ లేకపోతే మనిషి శరీరం గాయాన్ని అతికించుకోలేదని అది తిరుగులేకుండా చూపింది. దాంతో పాటు ఇంకో సంగతి కూడా చెప్పింది, దాన్ని మనం తరచు మరచిపోతాం: రక్తంలో విటమిన్ పూర్తిగా కనుమరుగైన తర్వాత కూడా శరీరం చాలా వారాల పాటు తన పని తాను చేసుకుపోయింది. అంటే ఈ పదార్థం మనకు అత్యవసరం, కానీ అవసరమైన పరిమాణం చాలా కొద్ది. ఈ రెండు మాటలనూ ఒకేసారి మనసులో పెట్టుకోలేకపోవడం వల్లనే దీని చుట్టూ దాదాపు మూడు వందల ఏళ్లుగా ఇన్ని అపోహలు పుట్టాయని నా అభిప్రాయం. లోటు ఉన్నవారికి ఇది చేసే మేలును చూసి, లోటు లేనివారికి ఇంకా ఎక్కువ ఇస్తే ఇంకా ఎక్కువ మేలు జరుగుతుందని అనుకోవడంలోనే పొరపాటంతా ఉంది.

గాయం ఎందుకు మానలేదో తెలియాలంటే కొల్లాజెన్ గురించి కొంచెం చెప్పుకోవాలి. చర్మం, ఎముక, చిగుళ్లు, రక్తనాళాల గోడలు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు, వీటన్నిటికీ బలాన్నిచ్చే ప్రొటీన్ అది. మూడు పోగులు ఒకదానినొకటి పెనవేసుకుంటేనే దానికి గట్టితనం వస్తుంది. పెనవేసుకున్న పోగులు విడిపోకుండా ఉండాలంటే ఆ పోగుల్లోని ప్రోలిన్ అనే అమైనో ఆమ్లానికి అక్కడక్కడా ఒక్కో ఆక్సిజన్ పరమాణువు చేరాలి. ఆ పని చేసే ఎంజైమ్ నడిమధ్యన ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. పని మధ్యలో ఆ ఇనుము ఆక్సీకరణకు లోనై చచ్చుబడిపోతే, దాన్ని మళ్లీ పనిచేసే స్థితికి తెచ్చేది సి విటమిన్. అది లేకపోతే ఎంజైమ్ ఆగిపోతుంది, ఆక్సిజన్ చేరదు, పోగులు పెనవేసుకున్నా నిలవవు. ఆ మార్పు జరగని కొల్లాజెన్ సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే విడిపోతుందని ప్రయోగశాలల్లో కొలిచారు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. కాబట్టి అలాంటి కొల్లాజెన్ మన శరీరంలో నిలబడే అవకాశమే లేదు.

సి విటమిన్ లోటు వల్ల వచ్చే స్కర్వీ అనే జబ్బు లక్షణాలన్నీ ఇక్కడి నుంచే అర్థమవుతాయి. చిగుళ్లు వాచి రక్తం కారడం, పళ్లు కదలడం, చర్మం కింద రక్తం చిమ్మడం, కీళ్లలో నొప్పి, ఇవన్నీ కొల్లాజెన్ బలహీనపడిన చోట్లే. కొల్లాజెన్ ఒకసారి తయారైతే చిరకాలం ఉండిపోయేది కాదు. పాతది కరుగుతూ కొత్తది చేరుతూ ఉంటుంది, మానిపోయిన గాయపు మచ్చలో కూడా. 1740లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన జార్జ్ ఆన్సన్ నౌకాయాత్ర వృత్తాంతంలో ఒక నావికుడి ప్రస్తావన ఉంది. 1690 నాటి బోయిన్ యుద్ధంలో తగిలి, దాదాపు యాభై ఏళ్ల కిందటే మానిపోయిన అతని గాయాలు స్కర్వీ సోకాక తిరిగి విచ్చుకున్నాయని అందులో రాశారు. చదివినవారికి ఇది కట్టుకథలా అనిపించవచ్చు. కొల్లాజెన్ సంగతి తెలిశాక మాత్రం, అలా జరగకపోతేనే ఆశ్చర్యపోవాలి అనిపిస్తుంది.

రక్తస్రావం కంటే ముందే వచ్చే లక్షణం నీరసం. పాత నౌకల అధికారులు దాన్ని బద్ధకంగా భావించి నావికులను శిక్షించిన సందర్భాలున్నాయి. కొవ్వు ఆమ్లాలను కణాల్లోని శక్తి కేంద్రాలకు చేరవేసే కార్నిటిన్ తయారీకీ, నాడీకణాల్లో డోపమైన్ నుంచి నార్ అడ్రినలిన్ తయారీకీ సి విటమిన్ కావాలి. ఆ నీరసానికి, మనసు కుంగిపోవడానికి ఇవి కారణం కావచ్చునని శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఇవి కాక, శాకాహారంలోని ఇనుమును పేగులు పీల్చుకోగలిగే రూపంలోకి మార్చడంలో సి విటమిన్ తోడ్పడుతుంది. అందువల్ల దీని లోటు ఉన్నవారిలో రక్తహీనత కూడా తరచు కనిపిస్తుంది.

ఇంత ముఖ్యమైన పదార్థాన్ని మన శరీరమే ఎందుకు తయారుచేసుకోదు? చాలా జంతువులు చేసుకుంటాయి. మేక, ఆవు, కుక్క, పిల్లి, ఎలుక, ఇవన్నీ తమ కాలేయంలో గ్లూకోజ్ నుంచి సి విటమిన్‌ను తయారుచేసుకోగలవు. మనలోనూ ఆ తయారీ మెట్లు చాలావరకు ఉన్నాయి. చివరి మెట్టుకు కావలసిన గులోనోలాక్టోన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ మాత్రం లేదు. దాన్ని తయారుచేసే జన్యువు మన ఎనిమిదో క్రోమోజోమ్ మీద ఇప్పటికీ శిథిలంగా పడి ఉంది. అక్కడక్కడా ముక్కలు పోయి, చదవడానికి పనికిరాని స్థితిలో. కోతులకు, వానరాలకు, మనకు ఉమ్మడి పూర్వీకులైన జీవుల్లో సుమారు 6 కోట్ల సంవత్సరాల కిందట ఈ జన్యువు పాడైందని అంచనా. ఆ జీవులు పండ్లు, ఆకులు పుష్కలంగా తింటూ ఉండటం వల్ల పాడైనా నష్టం తెలియలేదు, కాబట్టి ఆ లోపం తరతరాలుగా నిలిచిపోయింది. గినీ పందుల్లో, చాలా గబ్బిలాల్లో కూడా ఇదే లోపం వేరువేరుగా ఏర్పడింది. గినీ పందుల సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే విటమిన్ చరిత్రలో అవి పెద్ద పాత్రే పోషించాయి.

తయారుచేసుకోలేము కాబట్టి నిల్వ మీద బతకాలి. బాగా తినే పెద్దవారి ఒంట్లో మొత్తం సుమారు 1,500 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది, అంటే గ్రామున్నర. రోజూ అందులో దాదాపు 3 శాతం ఖర్చవుతుంది. ఆ నిల్వ సుమారు 300 మిల్లీగ్రాములకు పడిపోయినప్పుడు స్కర్వీ లక్షణాలు బయటపడతాయి. సి విటమిన్ అందడం ఆగిపోయాక స్కర్వీ రావడానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుందన్న లెక్క అక్కడి నుంచే వచ్చింది. ఖండాలు దాటి సాగిన నౌకాయాత్రల్లో తీరం వదిలిన కొన్ని వారాలకు ఒక్కొక్కరే కూలబడటం మొదలయ్యేది కూడా ఈ లెక్క ప్రకారమే.

1747 మే నెలలో సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు చేసిన పరీక్ష గురించి చాలామంది వినే ఉంటారు. స్కర్వీతో బాధపడుతున్న 12 మంది నావికులను, వీలైనంతవరకు ఒకే తీవ్రత ఉన్నవారిని ఎంచుకుని, ఒకే చోట ఉంచి, ఒకే రకం భోజనం పెట్టి, ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలు చేశాడు. ఒక జతకు ఆపిల్ పులిసిన పానీయం, ఒక జతకు నీళ్లు కలిపిన గంధకామ్లపు మందు, ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీళ్లు, ఒక జతకు వెల్లుల్లి, ఆవాలు వగైరా నూరిన ముద్ద, ఇంకో జతకు రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మకాయ. పండ్లు ఆరు రోజులకే అయిపోయాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు విధులకు పనికొచ్చేంతగా కోలుకున్నాడు, రెండోవాడిని మిగిలిన రోగులకు సేవ చేసేందుకు నియమించారు. ఆపిల్ పానీయం తాగిన జత కొంచెం మెరుగైంది. మిగిలిన నాలుగు జతల్లో గుణం కనిపించలేదు.

ఇంత స్పష్టమైన ఫలితం తర్వాత బ్రిటిష్ నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది 1795లో. మధ్యలో 48 ఏళ్లు గడిచిపోయాయి, ఆ కాలంలో పోయిన ప్రాణాల సంగతి తలచుకుంటే బాధ కలుగుతుంది. అధికారుల అలసత్వం ఉంది, నిజమే. కానీ లిండ్ తన పరీక్షలోని అసలు సారాన్ని తానే పూర్తిగా గ్రహించలేదు. స్కర్వీ అంటే ఆహారంలో ఏదో ఒకటి లేకపోవడం అన్న ఆలోచన ఆయనకు లేదు. జీర్ణశక్తి తగ్గి, తేమ గాలి వల్ల చెమట రంధ్రాలు మూసుకుపోయి శరీరంలో ఏదో కుళ్లుతోందని ఆయన నమ్మకం, పండ్ల పులుపు దాన్ని సరిచేస్తుందని ఊహ. అందుకే పండ్లను నెలల తరబడి నిల్వ ఉంచడానికి, రసాన్ని చాలా గంటలు వేడి మీద ఉంచి చిక్కని పాకంగా మార్చే పద్ధతిని సూచించాడు. ఆ వేడికి సి విటమిన్ చాలావరకు నశించేది. ఆ పాకం తాగి స్కర్వీ తగ్గనివారిని చూసి, నిమ్మకాయలకు అంత మహిమ లేదని తేల్చినవారూ ఉన్నారు. పరీక్ష సరైనదే, దాని వివరణ తప్పు. ఆ తప్పు వివరణే మందును పాడుచేసింది.

ఇలాంటిదే పందొమ్మిదో శతాబ్దంలో మరోసారి జరిగింది. మధ్యధరా ప్రాంతపు నిమ్మకాయల బదులు వెస్టిండీస్ తోటల్లో పండే చిన్న పచ్చ నిమ్మకాయల రసాన్ని నౌకాదళం వాడటం మొదలుపెట్టింది. పులుపు ఎక్కువే గానీ వాటిలో సి విటమిన్ తక్కువ. పైగా నిల్వ ఉండటం వల్ల, రాగి గొట్టాలను తాకడం వల్ల ఉన్నది కూడా తరిగిపోయేది. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణాలు కురచవడంతో ఈ లోపం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1875లో ఉత్తర ధ్రువం వైపు బయల్దేరిన బ్రిటిష్ బృందంలో, ఆ రసం తాగుతూ కూడా చాలామందికి స్కర్వీ సోకడంతో బయటపడింది. అయితే దాని నుంచి అప్పటివారు తీసిన నిర్ణయం ఏమిటంటే, స్కర్వీకి పండ్లతో సంబంధం లేదు, చెడిపోయిన మాంసంలోని విషం కారణం అని. తెలిసిన నిజాన్ని కూడా కారణం తెలియకపోతే పోగొట్టుకోవచ్చని ఈ ఉదంతం చూపినంత స్పష్టంగా వైద్య చరిత్రలో మరేదీ చూపలేదని నేను అనుకుంటాను.

కారణం వైపు దారి తెరుచుకున్నది 1907లో. నార్వేకు చెందిన ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే పరిశోధకులు అసలు బెరిబెరి జబ్బు మీద పనిచేస్తూ గినీ పందులకు ధాన్యాలు మాత్రమే పెట్టారు. వాటికి బెరిబెరి రాలేదు, స్కర్వీ వచ్చింది. ఎలుకలతో చేసి ఉంటే ఏమీ జరిగేది కాదు, ఎలుకలు తమ విటమిన్ తామే తయారుచేసుకుంటాయి. మనుషుల్లాగే స్కర్వీ సోకే జంతువు ఒకటి దొరకడంతో, ఏ ఆహారంలో స్కర్వీని ఆపే శక్తి ఎంత ఉందో ప్రయోగశాలలో కొలవడం సాధ్యమైంది. 1920లో జాక్ డ్రమండ్ దీనికి సి అనే అక్షరాన్ని ఖాయం చేశాడు. 1928లో కేంబ్రిడ్జ్‌లో ఆల్బర్ట్ సెంట్ జార్జి అడ్రినల్ గ్రంథుల నుంచి ఒక కొత్త ఆమ్లాన్ని వేరుచేశాడు, కానీ అది ఏమిటో అప్పటికి తెలియదు. 1932లో హంగరీలోని సెగెడ్‌లో ఆయనా, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో చార్లెస్ గ్లెన్ కింగ్ కూడా ఆ ఆమ్లమే సి విటమిన్ అని నిరూపించారు. ఎవరు ముందన్న వివాదం చాలాకాలం నడిచింది. పరిశోధనకు పెద్ద మొత్తంలో పదార్థం కావలసి వచ్చినప్పుడు సెంట్ జార్జి సెగెడ్ ప్రాంతంలో విరివిగా పండే పాప్రికా మిరపను పరీక్షించి, దాని నుంచి కిలోల కొద్దీ తీయగలిగాడు. అందులో కొంత అందుకున్న నార్మన్ హావర్త్ బర్మింగ్‌హామ్‌లో అణు నిర్మాణాన్ని తేల్చాడు. 1937లో ఒకరికి వైద్యంలో, మరొకరికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కృత్రిమంగా తయారుచేసే పద్ధతిని 1933లో టాడ్యూష్ రైక్‌స్టైన్ కనిపెట్టడంతో ఈ విటమిన్ చౌకగా, టన్నుల కొద్దీ దొరకడం మొదలైంది.

చౌకగా దొరకడం మొదలయ్యాక ప్రశ్న మారింది. ఎంత కావాలి? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి ఒప్పుకోని యువకులు కొందరు మానవజాతికి మరో విధంగా ఉపయోగపడతామని ముందుకొచ్చి ఆహార ప్రయోగాలకు తమ శరీరాలను అప్పగించారు. హాన్స్ క్రెబ్స్ వంటి ప్రసిద్ధ శాస్త్రవేత్త పర్యవేక్షణలో 20 మందితో చేసిన ఆ ప్రయోగంలో, రోజుకు కేవలం 10 మిల్లీగ్రాములు అందినవారికి స్కర్వీ రాలేదు, అసలేమీ అందక స్కర్వీ వచ్చినవారికి కూడా తర్వాత ఆ 10 మిల్లీగ్రాములతోనే తగ్గింది. ఆ యువకుల త్యాగం గురించి అందరూ తెలుసుకోవాలి. ఎముకల నొప్పులు, చిగుళ్ల రక్తం, తొడ మీద కోతలు, అన్నీ ఎరిగి భరించారు.

10 మిల్లీగ్రాములు స్కర్వీని ఆపుతాయి సరే, శరీరం నిండుగా ఉండటానికి ఎంత కావాలి? దీనికి మంచి జవాబు 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన మార్క్ లెవిన్ బృందం ఇచ్చింది. ఏడుగురు ఆరోగ్యవంతులైన యువకులను నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచి, మొదట వారి నిల్వలు తరిగిపోనిచ్చి, తర్వాత రోజుకు 30 మిల్లీగ్రాముల నుంచి 2,500 మిల్లీగ్రాముల దాకా మెట్లుమెట్లుగా పెంచుతూ రక్తంలో, కణాల్లో, మూత్రంలో కొలిచారు. 30 నుంచి 100 మధ్య రక్తంలోని పరిమాణం నిటారుగా పెరిగింది. 200 దగ్గరికి వచ్చేసరికి ఆ రేఖ దాదాపు చదునైపోయింది. తెల్ల రక్తకణాలు 100 మిల్లీగ్రాములకే నిండిపోయాయి. మోతాదు ఒక గ్రాము దాటితే పేగులు పీల్చుకునే భాగం సగం లోపుకు పడిపోయింది, పీల్చుకున్నదాన్ని కూడా మూత్రపిండాలు బయటికి పంపేశాయి. నిండిన కుండలో ఇంకా నీళ్లు పోసినట్టే. పేగుల్లోనూ మూత్రపిండాల్లోనూ ఈ విటమిన్‌ను మోసే వాహక ప్రొటీన్లు ఉన్నాయి, వాటికి ఒక పరిమితి ఉంది. 2000లో అమెరికాలో పురుషులకు రోజుకు 90, స్త్రీలకు 75 మిల్లీగ్రాములని నిర్ణయించినప్పుడు, పొగతాగేవారికి అదనంగా 35 కావాలన్నారు. పొగ వల్ల విటమిన్ త్వరగా ఖర్చవుతుంది. పండ్లు, కూరగాయలు క్రమంగా తినేవారికి ఈ పరిమాణం ఆహారంలోనే అందుతుంది.

లెవిన్ రేఖను మనసులో పెట్టుకుని చూస్తే, జలుబు గురించి జరిగిన పెద్ద చర్చ వేరే వెలుగులో కనిపిస్తుంది. రసాయన శాస్త్రంలోనూ శాంతికీ రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పాలింగ్ 1970లో రోజుకు గ్రాముల కొద్దీ సి విటమిన్ తీసుకుంటే జలుబు రాదని ప్రచారం చేశారు. అంత గొప్ప మేధావి చెప్పడంతో జనం మాత్రల కోసం ఎగబడ్డారు. పరీక్షలు కూడా మొదలయ్యాయి. వాటిలో 1975లో వెలువడిన ఒక అమెరికన్ పరీక్ష నాకు చాలా ముఖ్యమైనదిగా అనిపిస్తుంది. ఒక వర్గానికి సి విటమిన్, మరో వర్గానికి పాల చక్కెర నింపిన గొట్టం మాత్రలు ఇచ్చారు, ఎవరికి ఏది అందిందో చెప్పలేదు. తీరా ఫలితాలు చూస్తే విటమిన్ తీసుకున్నవారి జలుబు కొంచెం త్వరగా తగ్గింది. కానీ పాల్గొన్నవారు ఆరోగ్య పరిశోధనా సంస్థ ఉద్యోగులే కావడంతో చాలామంది మాత్రను విప్పి రుచి చూశారు. పుల్లగా ఉందా తియ్యగా ఉందా అన్నదాన్ని బట్టి తమకు ఏది ఇచ్చారో కనిపెట్టేశారు. కనిపెట్టనివారి లెక్కలు విడిగా చూస్తే రెండు వర్గాల మధ్య తేడా మిగలలేదు. తాను ఏం తీసుకుంటున్నాడో తెలిసిన మనిషి తన జలుబును ఎలా లెక్కిస్తాడన్నదే ఆ పరీక్ష కొలిచిందన్నమాట.

తర్వాత దశాబ్దాల్లో ఇంకా జాగ్రత్తగా చేసిన పరీక్షలెన్నో వచ్చాయి. హారి హెమిలా, ఎలిజబెత్ చాకర్ 2013లో కాక్రేన్ సంస్థ తరఫున వాటిని కలిపి విశ్లేషించారు. 29 పరీక్షలు, 11,000 మందికి పైగా మనుషులు. రోజూ కనీసం 200 మిల్లీగ్రాములు తీసుకున్నా సాధారణ జనంలో జలుబు వచ్చే అవకాశం తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దల్లో సగటున 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా తగ్గింది. అది కూడా ముందు నుంచే రోజూ తీసుకుంటూ ఉంటేనే. జలుబు పట్టాక మొదలుపెడితే నిలకడైన ప్రయోజనం కనిపించలేదు. ఒక మినహాయింపు ఉంది: మారథాన్ పరుగువీరులు, మంచులో స్కీయింగ్ చేసేవారు, చలిలో శిక్షణ పొందే సైనికులు, ఇలా శరీరాన్ని కొద్దికాలం తీవ్రంగా శ్రమపెట్టేవారిలో జలుబు సగానికి తగ్గింది. ఈ మినహాయింపును తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే తీవ్ర శ్రమలో విటమిన్ ఎక్కువగా ఖర్చవుతుందన్న వాదన దీనితో పొసగుతుంది. అయితే మాత్ర మింగి రోజంతా కుర్చీలో కూర్చునేవారికి అది వర్తించదు.

క్యాన్సర్ విషయంలో చర్చ ఇంకా చిక్కుగా సాగింది. 1976లో స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు యువాన్ కామెరాన్, పాలింగ్ కలిసి, చివరి దశలో ఉన్న 100 మంది రోగులకు రోజుకు 10 గ్రాములు ఇస్తే, పాత రికార్డుల నుంచి ఎంచిన 1,000 మందితో పోలిస్తే వారు నాలుగు రెట్లకు పైగా ఎక్కువ కాలం బతికారని ప్రకటించారు. పోలిక వర్గాన్ని పాత కాగితాల నుంచి తీసుకోవడమే అందులోని బలహీనత. రెండు వర్గాలూ నిజంగా ఒకే దశలో ఉన్నాయా అన్నది తేల్చడం కష్టం. అమెరికాలోని మేయో క్లినిక్ 1979లో, 1985లో చీటీలు వేసినట్టు రోగులను విభజించి, ఎవరికి ఏది ఇస్తున్నారో ఎవరికీ తెలియకుండా చేసిన పరీక్షల్లో ఆ ప్రయోజనం కనిపించలేదు. కథ అక్కడితో ముగియలేదు. కామెరాన్ మొదట కొన్నాళ్లు నరం ద్వారా ఎక్కించాడు, మేయో నోటి ద్వారానే ఇచ్చింది. నోటి ద్వారా ఎంత తీసుకున్నా పేగుల పరిమితి వల్ల రక్తంలో ఒక స్థాయి దాటదు, నరం ద్వారా ఎక్కిస్తే దానికి పదుల రెట్లు చేరుతుంది. అంత సాంద్రతలో సి విటమిన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టించి కొన్ని క్యాన్సర్ కణాలను చంపడం ప్రయోగశాలల్లో కనిపించింది. అంటే అక్కడ అది విటమిన్‌గా కాక మందుగా పనిచేస్తోంది. మనుషుల మీద పరీక్షలు నడుస్తున్నాయి, కానీ స్థిరపడిన చికిత్సల స్థానంలో దీన్ని వాడటానికి ఈనాటికి ఆధారం లేదు. నిరూపితమైన చికిత్స మానేసి దీని వెంట పడమని చెప్పేవారి మాట ఎంతమాత్రం వినవద్దని ఈ వ్యాసం చదివే రోగుల కుటుంబాలను వేడుకుంటున్నాను.

ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే సెప్సిస్ విషయంలో ఈ మధ్య జరిగినదీ ఇదే దారిలో నడిచింది. 2017లో ఒక ఆసుపత్రి బృందం సి విటమిన్, హైడ్రోకార్టిసోన్, థయమిన్ మూడూ కలిపి 47 మందికి ఇచ్చి, అంతకు ముందు నెలల్లో చేరిన మరో 47 మందితో పోల్చింది. మరణాలు 40.4 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గాయని ప్రకటించగానే ప్రపంచమంతటా ఆశ పుట్టింది. ఆ ఆశ సహజమే, సెప్సిస్ అంత భయంకరమైనది, విటమిన్ అంత చవకైనది. కానీ 872 మందితో జరిగి 2022లో వెలువడిన లోవిట్ పరీక్షలో, నరం ద్వారా అధిక మోతాదు సి విటమిన్ పొందిన వర్గంలో 28 రోజులలోపు మరణం గానీ, అవయవాలు కోలుకోకపోవడం గానీ 44.5 శాతం మందిలో కనిపించింది. ఉత్తుత్తి మందు పొందిన వర్గంలో 38.5 శాతమే. మేలు లేకపోగా కొంత కీడు జరిగింది. విటమిన్ కదా, ఇస్తే పోయేదేముంది అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు లేదు.

గుండె జబ్బుల సంగతి క్లుప్తంగా చెబుతాను. రక్తంలో సి విటమిన్ ఎక్కువగా ఉన్నవారికి గుండె జబ్బులు తక్కువన్న పరిశీలనలు చాలా ఉన్నాయి. కానీ 14,000 మందికి పైగా పురుష వైద్యులకు రోజుకు 500 మిల్లీగ్రాములు సగటున ఎనిమిదేళ్లు ఇచ్చిన అమెరికన్ పరీక్షలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పండ్లు, కూరగాయలు తినేవారి రక్తంలో ఆ విటమిన్ ఉంటుంది, వారి ఆరోగ్యానికి ఆ ఆహారమంతా కారణం. అధిక మోతాదుతో విరేచనాలు, కడుపునొప్పి మామూలే. రోజుకు గ్రాము స్థాయి మాత్రలు వాడే పురుషుల్లో మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే అవకాశం దాదాపు రెట్టింపని స్వీడన్ పరిశీలన ఒకటి చూపింది. సి విటమిన్‌లో కొంత భాగం శరీరంలో ఆక్సలేట్‌గా మారడం దానికి కారణం. ఒంట్లో ఇనుము అతిగా పేరుకునే జబ్బు ఉన్నవారు, జి6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవారు డాక్టరును అడగకుండా పెద్ద మోతాదులు తీసుకోకూడదు. పెద్దలకు రోజుకు 2 గ్రాములు గరిష్ఠ పరిమితి అని అమెరికా ప్రమాణాలు చెబుతాయి.

ఇదంతా చదివి సి విటమిన్ ఇక పట్టించుకోనక్కరలేని విషయమని ఎవరైనా అనుకుంటే, అది నా ఉద్దేశానికి పూర్తి విరుద్ధం. నిండుగా ఉన్నవారికి మాత్రల డబ్బాలు అమ్ముతున్న ఈ కాలంలోనే, నిజంగా లోటు ఉన్నవారిని గుర్తించలేకపోతున్నాం. ఒంటరిగా ఉంటూ వండుకునే ఓపిక లేక రొట్టె, టీతో రోజులు గడిపే వృద్ధులు, మద్యానికి బానిసలైనవారు, డయాలిసిస్ మీద ఉన్నవారు, పేగుల జబ్బులతో ఆహారం ఒంటబట్టనివారు, ఆటిజం వల్ల రెండు మూడు రకాల పదార్థాలు తప్ప ఏదీ ముట్టని పిల్లలు, వీరిలో స్కర్వీ నేటికీ బయటపడుతూనే ఉంది. పిల్లల్లో అది ఎక్కువగా కాళ్ల నొప్పిగా వస్తుంది. ఎముక మీది పొర కింద రక్తం చేరడం వల్ల నడుస్తున్న పిల్ల ఒక్కసారిగా నడవనని మారాం చేస్తుంది. దాన్ని ఎముక ఇన్ఫెక్షన్ అనో, కీళ్లవాతం అనో, రక్తక్యాన్సర్ అనో అనుమానించి స్కానింగులు, చివరికి ఎముక మజ్జ పరీక్షలు కూడా చేసిన సందర్భాలు వైద్య పత్రికల్లో పదేపదే వచ్చాయి. పిల్ల ఏం తింటోందని ఎవరూ వివరంగా అడగకపోవడమే ఆ ఆలస్యానికి కారణం. చిగుళ్ల వాపు, వెంట్రుకల కుదుళ్ల దగ్గర ఎర్రచుక్కలు, స్ప్రింగులా మెలితిరిగిన చిన్న వెంట్రుకలు, కాళ్ల మీద కారణం లేని నల్లటి కమిలిన మచ్చలు, వీటిలో ఏ రెండు కలిసి కనిపించినా ఆ మనిషి గత మూడు నెలలుగా ఏం తిన్నాడో అడగాలి.

జబ్బు తెలిశాక వైద్యం ఇంత సులువైనది మరొకటి అరుదు. విటమిన్ ఇవ్వడం మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే నీరసం, నొప్పులు తగ్గుముఖం పడతాయి. ఒకటి రెండు వారాల్లో చిగుళ్ల రక్తం ఆగి, కమిలిన మచ్చలు వెలిసిపోతాయి. పూర్తిగా కోలుకోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఈలోగా లోటు ఎందుకు వచ్చిందో కనుక్కుని, ఆ వృద్ధుడికి భోజనం అందే ఏర్పాటు చేయాలి, ఆ పిల్ల తినగలిగే రూపంలో పండునో రసాన్నో చుక్కల మందునో అలవాటు చేయాలి. అది జరగకపోతే కొన్ని నెలలకు అదే మనిషి అవే మచ్చలతో తిరిగి వస్తాడు.